బట్టీ తెరవమన్నారు

తెనాలిలో మాకు బొగ్గుల కొట్టు ఉంది. ఇస్త్రీ బళ్ళవాళ్ళు, కంసాలులు, సాయంత్రం పూట రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు, హోటళ్ళవాళ్ళు మా దగ్గరే కొంటారు. ఇప్పుడు బొగ్గంతా లారీల్లో మూటలుగా వచ్చి పడుతోంది. దాన్ని ఎవరు కాల్చారో, ఎలా కాల్చారో మాకు తెలియదు. మా అత్తయ్యకు ఓపిక ఉన్నన్నాళ్ళు మాత్రం అలా కాదు. ఏడాదికి ఒకసారైనా ఎక్కడో ఒక తోటలో సొంతంగా బట్టీ పెట్టి కాల్చేది. కంసాలులు ఆ బొగ్గు కోసం ముందే చెప్పి ఉంచుకునేవాళ్ళు.

ఆమెకు ఆ పని పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న రోజుల్లో బస్సులు కూడా బొగ్గుతో నడిచేవట. బస్సు వెనకాల పెద్ద పీపా బిగించి, అందులో బొగ్గు మండించి, దాంట్లోంచి వచ్చే గ్యాసుతో నడిపేవాళ్ళట. అప్పుడు రేపల్లె వైపు అడవి తుమ్మ నరికి వరసగా బట్టీలు పెట్టేవాళ్ళని, దూరం నుంచి చూస్తే ఊరంతా పొగలు కక్కుతున్నట్టు ఉండేదని చెప్పేది. ఈ కాలంలో ఇనుప డ్రమ్ముల్లో కాలుస్తున్నారు, ఇటుకలతో గుమ్మటం కట్టి కాలుస్తున్నారు. ఆమె మాత్రం తన తండ్రి పెట్టిన మట్టి బట్టీనే పెట్టేది.

నేను చెప్పబోయేది ఆమె పెట్టిన ఆఖరి బట్టీ గురించి. దానివల్ల ఒక ఊరు మమ్మల్ని హంతకులనుకుంది. ఆ ఊరితో పాటు నేనూ అనుకున్నాను.

కర్లపాలెం దాటి సముద్రం వైపు వెళితే ఇసుక నేలల్లో సరుగుడు తోటలుంటాయి. బాపట్లలో ఉండే ఒక ఆసామి తన తోట కొట్టించి కర్ర అమ్మేశాడు. నేలలో మొదళ్ళు మిగిలిపోయాయి. వాటిని తవ్వి తీసి చేను శుభ్రం చేస్తే ఆ మొదళ్ళు మీరే కాల్చుకోండి అన్నాడు. నేను, మా ఆయన, అత్తయ్య టార్పాలిన్ కట్టుకుని తోటలోనే దిగాం. మొదళ్ళు తవ్వడానికి కూలీలను పెట్టాం. వాళ్ళ పని అయిపోయాక ముగ్గురమే మిగిలాం.

మాతో పాటు ఆ తోటకు కాపలా ఉండే పెద్దాయన ఒకడు. భార్య పోయింది, పిల్లలు లేరు. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఊళ్ళో తమ్ముడి ఇంట్లో తినేవాడు, తోటలో పడుకునేవాడు. ఆ తమ్ముడు బాపట్ల స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. వాళ్ళ ఇల్లు, మా పిన్ని ఇల్లు పక్కపక్కనే. నేను చిన్నప్పుడు సెలవులకు వెళితే ఆ తమ్ముడి భార్యతోనే గవ్వలాడేదాన్ని. అందువల్ల ఆ ఊళ్ళో నాకు కొంచెం చనువు ఉండేది.

అత్తయ్య బట్టీ పెట్టే తీరు చూడాలి. ముందు నేల చదును చేయించి గుండ్రంగా గీత గీసింది. గీత మధ్యలో ఒక గుంజ పాతించింది. ఆ గుంజ చుట్టూ మొదళ్ళను నిలువుగా, లోపలికి వాల్చి ఆనించడం. లావు మొదళ్ళు నడిమికి, సన్నవి అంచుకు. మధ్యలో సందులుంటే పుల్లలు దోపడం. సందుంటే గాలి దూరుతుంది, గాలి దూరితే బొగ్గు కాదు, బూడిద అవుతుంది. పేర్చడం అయ్యాక దానిమీద ఎండు సరుగుడాకు, వరిగడ్డి మందంగా కప్పి, ఆపైన తడిమట్టి మెత్తాలి. ఆ ఇసుక నేల మట్టి మెత్తడానికి పనికిరాదు. అందుకని చెరుకుపల్లి వైపు నుంచి ట్రాక్టరుతో రేగడి మట్టి తెప్పించాం. మెత్తడం అయ్యాక మధ్య గుంజను పైకి లాగేస్తే అక్కడ గొట్టంలా ఖాళీ ఏర్పడుతుంది. అందులో నిప్పులు పోసి, రాజుకున్నాక పైన మూత వేసి, అడుగున చుట్టూ చిన్న చిన్న కన్నాలు పెడతారు. ఆ కన్నాల్లోంచి వచ్చే పొగను బట్టి లోపలి సంగతి తెలుసుకోవాలి. మొదట తెల్లటి తడిపొగ వస్తుంది. తర్వాత పచ్చగా మారి కళ్ళు మండిస్తుంది. చివరికి పలచగా, నీలంగా వచ్చినప్పుడు కన్నాలన్నీ మూసేసి చల్లారేదాకా కాపలా కాయాలి. ఈలోగా కప్పు కుంగితే, ఎక్కడన్నా పగిలితే, వెంటనే మట్టి పెట్టాలి.

ఆరోజు పొద్దున్నే నేను సరుకుల కోసం బాపట్ల బయలుదేరాను. మొదళ్ళు పేర్చడం అయింది కానీ గడ్డి కప్పలేదు. మర్నాడు మట్టి మెత్తుదామని అత్తయ్య ముందురోజే అంది. నేను సంచీ తీసుకుని దారి పట్టేసరికి పేర్పు వెనకాల మా ఆయన, బాబాయ్ గారు నిలబడి ఉన్నారు. బాబాయ్ గారు మా ఆయన భుజం గట్టిగా పట్టుకుని ఏదో అంటున్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి బట్టీ మూసి ఉంది. మట్టి మెత్తేశారు, నిప్పు వేసేశారు, కన్నాల్లోంచి తెల్లగా పొగ వస్తోంది.

"రేపు కదండీ అన్నారు?" అన్నాను అత్తయ్యతో.

"మబ్బు పట్టింది అమ్మాయ్. వానొస్తదేమోనని కానిచ్చేశాం."

ఆకాశం వైపు చూశాను. బాపట్లలోనూ ఎండే, ఇక్కడా ఎండే. ఇంత మట్టి ఇద్దరే ఎలా మోశారని అడగబోయి ఊరుకున్నాను. మా ఆయన చొక్కా మార్చుకుని ఉన్నాడు. మోచేతి కింద గీరుకుపోయి ఉంది. టార్పాలిన్ లోపలికి వెళ్ళబోతుంటే బయట నిలిపిన మా ఆయన బండి సైలెన్సర్ కాలికి తగిలి చుర్రుమంది.

"ఎక్కడికన్నా వెళ్ళారా?"

"ఎక్కడికీ లేదే. పొద్దుట్నుంచీ ఇక్కడే."

కాలి మీద బొబ్బ లేచింది. దానికి కొబ్బరినూనె రాసుకుంటూ ఆయన ముఖం చూశాను. ఆయన బట్టీ వైపు చూస్తున్నాడు.

"బాబాయ్ గారేరి?"

"ఏమో. ఇవాళ ఇటు రాలేదు," అన్నాడు.

పొద్దున నేను చూశానని ఆయనకు తెలుసు. ఆయన చూస్తుండగానే చూశాను. అయినా రాలేదన్నాడు. అత్తయ్య అక్కడే కూర్చుని కాళ్ళకంటిన మట్టి గీసుకుంటోంది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా తమ్ముడు వచ్చాడు. అన్న అన్నానికి రాలేదనీ, తోటలో పాకలో దుప్పటీ కూడా లేదనీ అన్నాడు. ఫోన్ చేస్తే మోగడం లేదన్నాడు. మా ఆయన మళ్ళీ అదే మాట చెప్పాడు, నిన్న రాలేదని. ఆ తమ్ముడు బట్టీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటి ఈ వాసన?" అన్నాడు.

ఆ వాసన నాకు రాత్రి నుంచీ వస్తోంది. మామూలుగా బట్టీ పొగ ఘాటుగా, చేదుగా ఉంటుంది. ఇది వేరు. వెంట్రుకలు కాలిన వాసన, మాంసం కాలిన వాసన. ఒక వైపు కన్నం దగ్గరే వస్తోంది. అత్తయ్య దాన్ని గమనించి ఆ కన్నాన్ని సగం మూసింది.

సాయంత్రానికి ఊళ్ళోవాళ్ళు పది పదిహేనుమంది వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో మా పిన్ని కూడా ఉంది. నన్ను పక్కకు పిలిచింది.

"నిజం చెప్పవే. మీ ఆయన, ఆ పెద్దాయన ఏమన్నా గొడవ పడ్డారా?"

"లేదు పిన్నీ."

"మరి బట్టీ తెరవమంటే తెరవరేంటి?"

తెరవకూడదని ఆమెకెలా చెప్పాలి? కాలుతున్న బట్టీకి కాస్త పెద్ద చిల్లు పడితే చాలు, గాలి లోపలికి లాక్కుని భగ్గుమంటుంది. ఆ మాటే అత్తయ్య అందరికీ చెప్పింది. "ఇప్పుడు తీస్తే మంటొస్తది నాయనా. లోపల ఏమున్నా బూడిదే. చల్లారనియ్యండి, మీ ఎదురుగానే తీస్తాం." ఆమె ఉన్నమాటే చెప్పింది. కానీ చెప్పిన కొద్దీ వాళ్ళ ముఖాలు బిగుసుకున్నాయి. "చూశారా, బూడిదయ్యేదాకా ఆగమంటోంది," అన్నారెవరో వెనకనుంచి.

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. పెద్దవాడైన కానిస్టేబుల్ మమ్మల్ని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాడు. నా వంతు వచ్చింది.

"అమ్మా, నిన్న పొద్దున ఆ కాపలా ఆయన ఇక్కడికి వచ్చాడా?"

మా ఆయన దూరంగా బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మా వైపు చూడటం లేదు. వచ్చాడని చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. రాలేదని చెబితే నేనేం చేస్తున్నానో కూడా తెలుసు.

"రాలేదండి," అన్నాను.

కానిస్టేబుల్ రాసుకోలేదు. తలాడించి, చల్లారేదాకా ఎవరూ బట్టీ ముట్టుకోకూడదని ఊరివాళ్ళకు చెప్పి, మమ్మల్ని తోట వదిలి వెళ్ళొద్దన్నాడు. తమ్ముడు, ఇంకో ఇద్దరు అక్కడే నులకమంచాలు వేయించుకుని కూర్చున్నారు.

అక్కడి నుంచి గడిచిన రోజులు నాకు ఒకే పొడుగాటి రోజులా గుర్తున్నాయి. వాళ్ళు ఒక వైపు కూర్చుని మమ్మల్ని చూస్తుండేవాళ్ళు. మేము ఇటు కూర్చుని బట్టీని చూస్తుండేవాళ్ళం. నేను మావాళ్ళిద్దరినీ చూస్తుండేదాన్ని. అత్తయ్య, కొడుకు ఎప్పుడు మాట్లాడుకున్నా గొంతు తగ్గించేవాళ్ళు. నేను దగ్గరికి వెళితే మట్టి గురించో, పొగ గురించో మాట్లాడేవాళ్ళు. మా ఆయన రోజూ ఒకసారి తోట చివరిదాకా నడిచి వెళ్ళి ఫోన్‌లో మాట్లాడేవాడు. ఎవరంటే కొట్టు కుర్రాడు అనేవాడు. ఒకసారి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి చూశాను. చేసిన కాల్సన్నీ తీసేసి ఉన్నాయి.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నామీద చెయ్యెత్తలేదు. పురుగును చంపాలన్నా పక్కకు తోసే రకం. అదే మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నా, వెనకాలే ఆ భుజం మీద చెయ్యి, గీరుకుపోయిన మోచెయ్యి, ఆ వాసన వచ్చేవి. బట్టీ గుట్ట కూడా సమాధిలానే కనిపించేది. రోజురోజుకూ అది కొంచెం కొంచెంగా కుంగుతోంది. మొదళ్ళు కాలి కుంచించుకుపోతే కప్పు కుంగుతుందని నాకు తెలుసు. తెలిసినా దాని మీదినుంచి చూపు తిప్పుకునేదాన్ని.

పొగ నీలంగా మారాక అత్తయ్య కన్నాలన్నీ మూసింది. ఆ మర్నాడు మధ్యాహ్నం కాపలా కూర్చున్నవాళ్ళు భోజనాలకు వెళ్ళారు. అత్తయ్య నీడలో కునుకు తీస్తోంది. మా ఆయన నీళ్ళకు వెళ్ళాడు. నేను ఇనుప చువ్వ తీసుకుని వాసన వచ్చిన వైపు బట్టీలోకి గుచ్చాను.

ఏం దొరుకుతుందనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. మెత్తగా తగులుతుందనుకున్నానేమో. చువ్వ గలగలమంటూ లోపలికి దిగింది. బయటికి లాగేసరికి చిల్లులోంచి సన్నగా పొగ లేచింది, లోపల ఎర్రగా కనబడింది. ఏం చేయాలో తెలియక చెయ్యి అడ్డం పెట్టాను. వేడికి వెనక్కి తీసుకున్నాను.

వెనకనుంచి మా ఆయన వచ్చాడు. బిందె కింద పెట్టాడు. నా చేతిలో చువ్వను చూశాడు, చిల్లును చూశాడు. తడిమట్టి ముద్ద తీసుకుని చిల్లు మీద వేసి అరచేత్తో సాఫు చేశాడు. చాలాసేపు సాఫు చేశాడు, అవసరమైనదానికన్నా.

"ఏమండీ, లోపల ఏముంది?" అని అడిగాను.

"బొగ్గు," అన్నాడు. బిందె తీసుకుని వెళ్ళిపోయాడు.

తెరిచే రోజు సగం ఊరు వచ్చింది. కానిస్టేబుళ్ళు కూడా వచ్చారు. అత్తయ్య ఒక పక్కనుంచి మట్టి గీసి, గడ్డి బూడిద తోసి, పారతో లాగడం మొదలుపెట్టింది. ఎక్కడన్నా నిప్పు మిగిలి ఉంటే ఇసుక చల్లి నీళ్ళు కొట్టడం నా పని. మొదళ్ళు ఎలా పేర్చామో అలాగే, అదే ఆకారంలో నల్లగా బయటికి వచ్చాయి. ఒకదానికొకటి తగిలితే పింగాణీ గిన్నెల్లా మోగుతున్నాయి. ఇంకెప్పుడైనా అయితే ఆ మోతకు అత్తయ్య ముఖం వెలిగేది.

చువ్వ గుచ్చిన చోటికి వచ్చేసరికి కొంత బూడిద అయిపోయింది. దాని పక్కనే లావుపాటి మొద్దు ఒకటి, నడుమ తొర్రతో. తమ్ముడు ఆ తొర్రలోకి కర్ర పెట్టి కెలికాడు. ఎముకలు రాలాయి.

ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. ఎవరో మా ఆయన చొక్కా పట్టుకున్నారు. పెద్ద కానిస్టేబుల్ అందరినీ తోసి, కూర్చుని, ఆ ఎముకలను అరచేతిలోకి తీసుకున్నాడు. చిటికెనవేలంత ఎముకలు. బొటనవేలంత పుర్రె, ముందుకు పొడుచుకొచ్చిన రెండు పొడుగాటి పళ్ళు.

"పందికొక్కులు," అన్నాడు. "తొర్రలో గూడు పెట్టినట్టున్నాయి. పిల్లలతో సహా."

చొక్కా పట్టుకున్న చెయ్యి వదిలేసింది. బట్టీ అడుగుదాకా లాగి చూపించాం. తమ్ముడు ప్రతి కుప్పనూ కర్రతో కెలికాడు. ఏమీ లేదు. పెద్ద కానిస్టేబుల్ ఇక మీరు వెళ్ళొచ్చన్నాడు, ఊరివాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. వెళ్ళేటప్పుడు మా పిన్ని మాత్రం ఇస్త్రీకి పనికొస్తుందని కాసిని బొగ్గులు కొంగులో వేసుకుని వెళ్ళింది.

మూటలు కట్టి, బండితో సహా ట్రాలీ ఆటోలో వేసుకుని తెనాలి బయలుదేరాం. అత్తయ్య ముందు కూర్చుంది, నేనూ మా ఆయనా వెనకాల మూటల మీద. బట్టీలో లేడు, సరే. మరి ఎక్కడున్నట్టు? తెనాలి ఇంకా రాకముందే, అంగలకుదురులో ఆటో ఆపించాడు మా ఆయన. ఒక మూట దింపాలన్నాడు. పక్క సందులో గేదెల పాక ఉంది. మూట భుజాన వేసుకుని నన్ను కూడా రమ్మన్నాడు.

పాకలో పేడ ఎత్తుతున్న మనిషి తలెత్తాడు. బాబాయ్ గారు.

గేదె పక్కనున్న తొట్టి అంచు మీద కూర్చుండిపోయాను.

జరిగిందంతా ఆయనే చెప్పాడు. ఊళ్ళో ఉన్న ఇంటి స్థలం తన పేర రాసిమ్మని తమ్ముడు ఏడాదిగా వెంటపడుతున్నాడట. ఈమధ్య అన్నం పెట్టేటప్పుడు కూడా అదే మాటట. సంతకం పెట్టేదాకా ఊరు దాటనివ్వనన్నాడట. బాపట్ల స్టేషన్‌కు వెళదామంటే తమ్ముడి ఆటో అక్కడే ఉంటుంది. అందుకని మా ఆయనను బతిమాలుకున్నాడు. ముందు ఒప్పుకోలేదు మా ఆయన. అదే నేను చూసింది. తర్వాత ఒప్పుకున్నాడు. మా ఆయనకు వీలు కావాలంటే బట్టీ పని అయిపోవాలి కాబట్టి, ముసలాయన కూడా మట్టి మోసి, ముగ్గురూ కలిసి మధ్యాహ్నానికే మెత్తేశారు. మొదళ్ళు సర్దేటప్పుడు మా ఆయన చెయ్యి గీరుకుపోయింది. ఆ తర్వాత బండి మీద చెరుకుపల్లి మీదుగా రేపల్లె తీసుకెళ్ళి తెనాలి రైలు ఎక్కించాడు. ఈ పాకలో పని కూడా తనే కుదిర్చాడట.

"బాబాయ్ గారూ, అక్కడ మీ కోసం ఊరంతా బట్టీ చుట్టూ కూర్చుంది. తెలుసా?"

"తెలుసమ్మా. అబ్బాయి రోజూ ఈ పాకవాళ్ళ ఫోన్‌కు చేసి చెప్తానే ఉన్నాడు."

"పోలీసులు మా ఆయన్ని తీసుకెళ్తే ఏం చేసేవాళ్ళు?"

"తీసుకెళ్తే వచ్చేవాణ్ణే."

ఆ మాట నేను నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మను. ఆయన చూపు పేడతట్ట మీదే ఉంది.

"నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా అమ్మాయ్," అన్నాడు. "మీ పిన్ని వాళ్ళు మా తమ్ముడి గోడ పక్కనే కదా."

కొట్టుకు వచ్చి మూటలు దింపాక అడిగాను మా ఆయనను. "నేను పిన్నికి చెప్పేస్తాననుకున్నారా?"

"ఒట్టు వేశాను కదా."

"ఒట్టు సంగతి కాదు. మీరేమనుకున్నారు?"

ఆయన మూటలు సర్దుతూనే ఉన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ రోజుల్లో నాకెంత భయం పట్టిందో, ఆయన గురించి ఏమేం ఊహించుకున్నానో ఆయనకు తెలుసు. చువ్వతో సహా చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు కూడా. తిట్టినా బాగుండేది. కొన్ని నెలలు మా మధ్య సరుకుల మాటలు, కొట్టు మాటలు తప్ప ఏమీ నడవలేదు.

ఎండాకాలం చివర్లో బాబాయ్ గారు తనంతట తానే బాపట్ల వచ్చి ఆ స్థలం ఎవరికో అమ్మేశాడు. తమ్ముడి ఎదురుగానే నిలబడి సంతకం పెట్టాడట. అప్పటికి గానీ ఊరివాళ్ళకు ఆయన బతికున్న సంగతి తెలియలేదు. అయినా మా పేరు పోలేదు. ఆ మనిషి కాకపోతే ఇంకెవరినో కాల్చి ఉంటారు అన్నారట కర్లపాలెంలో. ఆ తోట ఆసామి మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. ఆ ఏడాదే అత్తయ్యకు మోకాళ్ళు పట్టేసి బట్టీలు ఆగిపోయాయి.

ఒకరోజు ఆమెకు కాళ్ళు పడుతుంటే ఆ సంగతి ఆమే ఎత్తింది.

"నీ మీద నమ్మకం లేక కాదే అమ్మాయ్. నీకు అబద్ధం ఆడటం రాదు. పోలీసోడు అడిగితే గుటకలు మింగుతావు. అందుకని చెప్పలేదు."

కానిస్టేబుల్‌తో నేనేం చెప్పానో ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదన్నమాట. మా ఆయన కూడా అడగలేదు. బాబాయ్ గారు పొద్దున వచ్చాడని తెలిసి, మా ఆయన భుజం పట్టుకోవడం కళ్ళారా చూసి, ఆయనే చంపాడేమోనని సగం నమ్ముతూ, గుటక మింగకుండా రాలేదండి అన్నాను.

ఆ మాట ఆమెకు చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే కళ్ళు మూసుకుని రెండో కాలు ముందుకు చాపింది. నేను నూనె తీసుకుని ఆ కాలికి రాయడం మొదలుపెట్టాను.